41ఏ నోటీసు వచ్చాక స్టేషన్‌లో ఏం చెప్పాను, ఏం చెప్పలేదు – నా అనుభవం

2025 ఫిబ్రవరి 18, మంగళవారం రాత్రి ఏడున్నరకి కొత్త నంబరు నుంచి ఫోన్. "స్టేషన్ నుంచి మాట్లాడుతున్న, ఎస్సై సార్ రమ్మంటున్నడు, చిన్న విషయమే, రేపు పొద్దున వచ్చి పో" అన్నాడు కానిస్టేబుల్. ఏం విషయం సార్ అంటే "వస్తే తెలుస్తది గదా" అని పెట్టేశాడు. కాసేపటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ ఒకటి దిగింది, 41ఏ నోటీసు, అంటే అరెస్టు చేయకుండా విచారణకి రమ్మని పోలీసులిచ్చే కాగితం. అందులో నా పేరు, నాన్న పేరు, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి అడ్రస్, పక్కన "ఏ5" అని.

నేను 2021 నుంచి 2023 మధ్య దాకా కూకట్‌పల్లి వైపు ఒక రియల్ ఎస్టేట్ మార్కెటింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ప్రీలాంచ్ ఫ్లాట్లు అమ్మేవాళ్లు, అంటే పర్మిషన్లు, రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకముందే రేటు తక్కువని చెప్పి మొత్తం డబ్బు కట్టించుకోవడం. రశీదులు ఇవ్వడం, చెక్కులు బ్యాంకులో వేయడం, జీఎస్టీ లెక్కలు నా పని. నేను మానేశాక డైరెక్టర్లు ఆఫీసుకి తాళం వేసి మాయమయ్యారు, కొన్నవాళ్లు కేసు పెట్టారు. వాళ్ల దగ్గరున్న ప్రతి రశీదు మీదా కంపెనీ తరఫున అని నా సంతకమే ఉంటే పోలీసులు మాత్రం ఏం చేస్తారు, నన్ను ఐదో నిందితుడిగా రాసుకున్నారు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరి సలహా వాళ్లది. మా బావ "నువ్వేం తప్పు చేశావని, పోయి ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేసెయ్, వాళ్లే వదిలేస్తారు" అన్నాడు. డల్లాస్‌లో ఉండే మా బావమరిది వీడియో కాల్ చేసి "లాయర్ వచ్చేదాకా నోరు విప్పను అని ఒక్క మాట చెప్పండి బావగారూ, ఆపేస్తారు" అన్నాడు, అక్కడ అరెస్టు చేసి ప్రశ్నలడిగే ముందు పోలీసులే ఆ హక్కు చదివి వినిపిస్తారట, మన స్టేషన్‌లో నాకెవరూ ఏదీ చదివి వినిపించలేదు. మా నాన్న స్నేహితుడు, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నాడు, ఆయన మాత్రం ఫోన్‌లో నవ్వాడు. "ఒరేయ్, గదిలో కూర్చోబెట్టి అడిగేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటార్రా. మేం విషయం లాగేది బయట టీ తాగేటప్పుడు. అది గుర్తు పెట్టుకో" అన్నాడు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే.

మర్నాడు స్టేషన్‌కి పోలేదు. కూకట్‌పల్లి కోర్టు దగ్గర ఒక లాయర్ మేడమ్‌ని కలిశాను, మొదటిసారి మాట్లాడినందుకు రెండు వేలు. వాట్సాప్ నోటీసు చూపిస్తే, ఇలా పంపడం చెల్లదని అంతకు ముందు నెల, 2025 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పిందని, అలాగని వాళ్లతో దాని మీద గొడవకి దిగొద్దని అన్నారు. ఆవిడే ఎస్సైకి ఫోన్ చేసి "మా క్లయింట్ వస్తారు సార్, కాగితం చేతికివ్వండి" అని మర్యాదగా అడిగారు. ఎఫ్‌ఐఆర్ పోలీసు వెబ్‌సైట్‌లోనే దొరికింది. అది చదవకుండా స్టేషన్ గడప తొక్కొద్దు అని ఆవిడ గట్టిగా చెప్పారు, ఎందుకంటే మన గురించి ఏం రాశారో తెలియకపోతే ఏ ప్రశ్న ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియదు. నా గురించి అందులో ఉన్నది ఒకటిన్నర లైను. దాని కోసం రెండు రాత్రులు నిద్రలేదు నాకు.

ఒక తికమక కూడా అక్కడే తీరింది. ఎఫ్‌ఐఆర్‌లో పాత ఐపీసీ 420 (మోసం), 406 (నమ్మకద్రోహం) సెక్షన్లు, నోటీసులో మాత్రం కొత్త బీఎన్ఎస్ఎస్ 35(3), అంటే పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, పోలీసు, కోర్టు పద్ధతుల చట్టం. జరిగిందంటున్న మోసం 2022 నాటిది కాబట్టి నేరానికి పాత చట్టం, విచారణ 2024 జూలై 1 తర్వాత మొదలైంది కాబట్టి పద్ధతికి కొత్త చట్టం. పాత సీఆర్‌పీసీలో ఈ నోటీసు సెక్షన్ 41ఏ, అందుకే స్టేషన్‌లో ఇప్పటికీ అందరూ దాన్ని 41ఏ అనే అంటారు. 420కి ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. అంతవరకు శిక్ష ఉన్న కేసుల్లో ఊరికే అరెస్టు చేయకుండా ముందు ఈ నోటీసిచ్చి పిలవాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందట. నోటీసు ప్రకారం వెళ్తున్నంత కాలం, కారణం రాసిపెడితే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే మాత్రం మనమే వాళ్లకి ఆ కారణం చేతికిచ్చినట్టు. మాతో పనిచేసిన మార్కెటింగ్ కుర్రాడొకడు ఇదే నోటీసు అందుకుని ఫోన్ స్విచాఫ్ చేసి వాళ్ల ఊరెళ్లిపోయాడు. మార్చి మొదటి వారంలో ఊళ్లోనే పట్టుకొచ్చారు, సుమారు రెండు వారాలు రిమాండ్‌లో ఉన్నాడు.

ఇక అసలు విషయం, మాట్లాడాలా వద్దా. మేడమ్ ముందు నేను సాక్షినా నిందితుడినా అన్నది తేల్చారు. సాక్షిగా పిలిస్తే అడిగినదానికి నిజం చెప్పాల్సిందే, తన మీదకే కేసు తెచ్చే ప్రశ్న అయితే తప్ప. నిందితుడికైతే రాజ్యాంగంలోనే ఆర్టికల్ 20(3) ఉంది, తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. అయితే మొత్తానికే నోరు మూసుకుంటాను మేడమ్ అంటే, నందినీ శతపథి కేసు చెప్పారు. ఆవిడ ఒడిశా మాజీ ముఖ్యమంత్రి. 1977లో కటక్‌లో విజిలెన్స్ పోలీసులు పిలిచి రాసిపెట్టుకున్న ప్రశ్నల పట్టీ ఇస్తే జవాబివ్వనన్నారు, ఇవ్వనందుకు కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1978లో తీర్పు వచ్చింది. మౌనంగా ఉండే హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసుల విచారణలోనూ ఉంటుంది, కానీ అది మనల్ని నేరంలోకి లాగే ప్రశ్నలకే, మిగతావాటికి చెప్పాల్సిందే అని. అంత పెద్దావిడకే ప్రశ్న ప్రశ్నకీ విడదీసి చూడమన్నారంటే నాకు గుండుగుత్తగా మౌనం ఎక్కడ దొరుకుతుంది.

అందుకని గురువారం సాయంత్రం ఇద్దరం కూర్చుని వాళ్లు ఏం అడగొచ్చో రాసుకున్నాం. పేరు, అడ్రస్, ఎప్పుడు చేరాను, ఎప్పుడు మానేశాను, జీతం ఎంత, ఏ బ్యాంకులో, ఎవరి కింద పనిచేశాను లాంటివన్నీ చెప్పేయడమే, వాటికి కాగితాలున్నాయి, దాస్తే అనుమానం తప్ప లాభం లేదు. డైరెక్టర్లు డబ్బు ఎటు మళ్లించారు అనేదానికి, నాకు నిజంగా తెలియదు కాబట్టి తెలియదు. ఊహించి చెప్పడం మాత్రం వద్దు. అసలు ప్రమాదం ఒక్కటే ప్రశ్న: "పర్మిషన్ లేకుండా అమ్ముతున్నారని నీకు తెలుసా?" తెలుసు అంటే మోసంలో భాగస్వామిని. తెలియదు అంటే రేపు నాకు సీసీ పెట్టిన మెయిల్ ఏదో ఒకటి తీసి ముందు పెడతారు, అప్పుడు అబద్ధాలకోరుని. జవాబు ఇవ్వకపోవడం మన హక్కు గానీ అబద్ధం చెప్పడం ఎవరి హక్కూ కాదని, తెలిసినదాన్ని గుర్తులేదు అనడం కూడా అబద్ధం కిందకే వస్తుందని మేడమ్ చెప్పారు. ఆ ప్రశ్నకి ఏమనాలో నాతో పదిసార్లు పలికించారు. ఆర్టికల్, సుప్రీంకోర్టు అంటూ మొదలుపెట్టొద్దు, స్టేషన్‌లో చట్టం చదివి వినిపించేవాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది అన్నారు. "సార్, దీనికి ఇప్పుడు జవాబు చెప్పదలుచుకోలేదు" అంతే. తర్వాత ఏమీ కలపకూడదు.

శుక్రవారం నోటీసు చేతికిచ్చారు, తీసుకున్నట్టు సంతకం పెట్టి ఒక కాపీ తెచ్చుకున్నాను. 24, సోమవారం పదకొండు గంటలకి రమ్మన్నారు. మేడమ్ స్టేషన్‌కి రావడానికి ఫీజు పదివేలు. నేను ఆఫర్ లెటర్, రిజైన్ చేసిన మెయిల్ ప్రింటు, ఫారం 16, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ రెండేసి సెట్లు జిరాక్స్ తీయించాను. పీఎఫ్ కాగితం ఇంత పనికొస్తుందని అనుకోలేదు, కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో పక్కాగా ఉంటాయి, కంపెనీ మూతపడినా అది ఎక్కడికీ పోదు.

పదకొండుకి వెళ్తే పిలిచింది మూడున్నర దాటాక. ఈ ఎదురుచూపే పెద్ద శిక్ష. రిసెప్షన్ పక్కన ఇనప బెంచీ, ఎదురుగా గోడ మీద సీసీ కెమెరా, కింద పట్టుబడ్డ బైకుల తాళాలు గుత్తులు గుత్తులుగా ఒక ప్లాస్టిక్ బకెట్లో. అన్నం తినడానికి బయటికి వెళ్తే అప్పుడే పిలుస్తారేమోనని వెళ్లలేదు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు బిస్కెట్ ప్యాకెట్టు, నీళ్లు తీసుకెళ్లండి, నిజంగా చెప్తున్నాను.

మధ్యలో ఒంటిగంటకి రైటర్ వచ్చి పక్కన కూర్చున్నాడు, అంటే స్టేషన్‌లో రాతపని చూసే కానిస్టేబుల్. టీ ఇప్పించాడు. మాది ఏ ఊరు అని అడిగి, కోదాడ అంటే వాళ్ల మేనత్తది హుజూర్‌నగర్ అన్నాడు. పిల్లలెంతమంది, ఏ స్కూలు. ఆ తర్వాత అదే గొంతుతో, "పాపం నువ్వు జీతగాడివి, ఆళ్లు పెద్దోళ్లు, ఆళ్లు చేసేది తప్పని నీకనిపించలేదా అన్నా ఎప్పుడూ?" నోటి దాకా వచ్చింది నాకు. మనిషి ప్రేమగా అడుగుతుంటే, రెండు గంటలుగా ఎవరూ పలకరించని చోట, కడుపులో ఉన్నదంతా కక్కేయాలనిపిస్తుంది. బాబాయ్ మాట గుర్తొచ్చి "టీ బాగుందన్నా, చక్కెర ఎక్కువేశారు" అన్నాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి నవ్వేసి లేచిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు, అది ఆయన డ్యూటీ.

లోపల ఎస్సై. చిన్నవయసే, నాకంటే పదేళ్లు తక్కువుంటాడు. మేడమ్ లోపలికి రాబోతే "మీరు బయట కూర్చోండి మేడమ్, మధ్యలో మాట్లాడుకోవచ్చు" అన్నాడు. చట్టం కూడా అంతే, విచారణ సమయంలో మన లాయర్‌ని కలిసే హక్కు ఉంది గానీ విచారణ అంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదు. ఆవిడ అద్దం తలుపు అవతల నాకు కనిపించేలా కూర్చున్నారు, ఆ కనిపించడమే నాకు సగం ధైర్యం.

మొదటి అరగంట మామూలు ప్రశ్నలు, కాగితాలు ఒక్కొక్కటీ తీసి ఇచ్చాను, బానే ఉంది అనుకున్నాను. ఆయన రశీదు పుస్తకం జిరాక్సులు ముందుకు తోసి ఇది నీ సంతకమేనా అన్నాడు. నాదే సార్. ఎవరు పెట్టమన్నారు? నా పని అదే సార్, డబ్బు కంపెనీ అకౌంట్‌లో పడ్డాక రశీదు ఇవ్వమని డైరెక్టర్ మెయిల్ పెట్టేవారు. ఇది కూడా ముందే అనుకున్నదే. అప్పుడు వచ్చింది. "పర్మిషన్ లేదని తెల్సా నీకు?"

"సార్, దీనికి ఇప్పుడు జవాబు చెప్పదలుచుకోలేదు."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఏమీ అనలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు. పోలీసు స్టేషన్‌లో మౌనంగా ఉండటం అంటే మనం ఉండటమే అనుకుంటాం, వాళ్లు కూడా ఉంటారని నాకు తెలియదు. బల్ల మీద స్టాప్లర్ ఉంది, దాని పక్కన వంగిపోయిన పిన్నులు కుప్పగా పోసి ఉన్నాయి, ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాను. ఆ ఖాళీని ఏదో ఒక మాటతో నింపేయాలని నాలుక కొట్టుకుపోతుంది. "అంటే సార్, నా ఉద్దేశం ఏంటంటే" అని మొదలుపెడితే ఇక ఆగదు. ఎంతసేపైందో గానీ చివరికి ఆయనే "అంటే తెలుసన్నమాట" అన్నాడు. నేను మళ్లీ అదే వాక్యం. గొంతు పెంచాడు, "లాయర్ నేర్పించిందా? ఈ రోజే రిమాండ్‌కి పంపమంటావా?" అన్నాడు. కాళ్లు వణికాయి, దాచేదేముంది. లాయర్‌తో ఒకసారి మాట్లాడతానని అడిగితే సరే పో అన్నాడు. బయట మేడమ్ పెద్దగా ఏం చెప్పలేదు, నీళ్లు తాగించి "బెదిరింపు అది, నోటీసుకి వచ్చిన మనిషిని ఊరికే పంపలేరు, లోపలికెళ్లి అదే చెప్పండి" అన్నారు. రెండోసారి అదే ప్రశ్న వేరే రకంగా, మూడోసారి ఇంకో రకంగా. తర్వాత ఆయనకే విసుగొచ్చి పక్క ప్రశ్నకి వెళ్లాడు. ఇంత టెన్షన్ పడ్డానా, ఆ ప్రశ్న అంతటితో పోయింది.

డల్లాస్ బావమరిది చెప్పినట్టు లాయర్ అనగానే ఆపడం మాత్రం ఇక్కడ జరగలేదు. వాళ్లు అడుగుతూనే ఉంటారు, మనం చెప్పకుండా ఉండటం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఫోన్ అన్‌లాక్ చేసి ఇవ్వమన్నాడు. స్వాధీనం చేసుకునేట్టయితే పంచనామా (సాక్షుల ముందు రాసే కాగితం) రాసి తీసుకోండి సార్, ఏ మెయిల్స్ కావాలో నోటీసిస్తే ప్రింట్లు నేనే తెచ్చిస్తాను అన్నాను, ఇదీ మేడమ్ నేర్పిందే. ఏమనుకున్నాడో వదిలేశాడు. అందరి దగ్గరా ఇలాగే వదిలేస్తారని నేను చెప్పలేను, ఫోన్ విషయంలో తీసుకుపోయిన కేసులే ఎక్కువ విన్నాను.

సాయంత్రం ఆరున్నరకి స్టేట్‌మెంట్ టైపు చేసి తెచ్చారు. సంతకం పెట్టమన్నారు. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంట్ మీద సంతకం అక్కర్లేదు, అసలు తీసుకోకూడదు అని చట్టంలోనే ఉంది. ఆ మాట మెల్లగా అంటే టైపు చేసిన కానిస్టేబుల్ "తెలుసులే అన్నా" అని నవ్వాడు. మరి ఎందుకు అడుగుతారో. నేను చదివి వినిపించమని అడిగాను, అడిగినందుకు చాలా మేలైంది. నేను "డైరెక్టర్లు డబ్బు తీసుకున్నారు, నేను రశీదు ఇచ్చాను" అంటే అందులో "మేము కస్టమర్ల దగ్గర డబ్బు వసూలు చేశాము" అని ఉంది. కావాలని చేశారనుకోను, రోజూ రాసే మూసలో చేయి అలా పోయి ఉంటుంది. కానీ ఆ ఒక్క "మేము" చాలు నన్ను వాళ్ల పక్కన నిలబెట్టడానికి. ఎస్సై కొంచెం గొణిగి మార్పించాడు. ఒకవేళ ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి నేరం ఒప్పుకున్నట్టు పంచనామా రాసి సంతకం అడిగినా, ఖాళీ కాగితం మీద అడిగినా పెట్టొద్దని మేడమ్ ముందే చెప్పారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు గానీ, దాని వల్ల వస్తువో కాగితమో ఏదైనా దొరికితే అంతవరకు వాడుకుంటారట. నా దగ్గర ఆ పని పెట్టుకోలేదు.

మార్చి 10న మళ్లీ పిలిచారు. ఈసారి నోటీసు చూపించగానే లోపలికి పిలిచారు, గంటలో అయిపోయింది. ఎస్సై "నువ్వు" నుంచి "మీరు"లోకి వచ్చాడు, వాళ్లడిగిన మెయిల్ ప్రింట్లు నేను ఇచ్చినందుకో, మేడమ్ ఉన్నందుకో. వాటిల్లో డైరెక్టర్ ఆదేశాలన్నీ తేదీలతో ఉన్నాయి. అదే కంపెనీలో నా పక్క సీట్లో పనిచేసినాయన మా బావ చెప్పినట్టే చేశాడు, పోయి మొత్తం చెప్పేశాడు, తెలిసినవి, అనుకున్నవి, ఎవరో అనగా విన్నవి. "పర్మిషన్ లేదని మా అందరికీ తెలుసు సార్" అన్నాడట. ఆ "అందరి"లో నేనూ ఉన్నానని రెండోసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఆయన మంచివాడే, భయంలో అన్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఏమీ లేదు. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే చాలు కడుపులో తిప్పేది. ఆగస్టు ఆఖర్లో ఛార్జిషీటు వేశారు. మేడమ్ కాపీ తీసి చూస్తే నేను నిందితుల్లో లేను, సాక్షుల జాబితాలో ఉన్నాను. పక్క సీటాయన ఏ4గానే ఉన్నాడు. మౌనం వల్లే నేను బయటపడ్డానని చెప్పను, ఆ మెయిళ్లు లేకపోతే ఎన్ని హక్కులున్నా ఏమయ్యేదో. అయితే కోర్టులో సాక్షిగా నిలబడినప్పుడు అదే ప్రశ్న అడిగితే ఈసారి చెప్పాల్సిందే, నా మీదకు వస్తుందని తప్పించుకోవడానికి లేదు. జడ్జి చెప్పమన్నాక చెప్పిన జవాబుని నా మీదే వాడకుండా చట్టంలో రక్షణ ఉందట, అబద్ధం చెప్తే మాత్రం ఉండదు.

ఖర్చు ఇప్పటిదాకా లాయర్‌కి, జిరాక్సులకి, ఆటోలకి కలిపి నలభై వేల పైనే, సెలవులకి కోసిన జీతం కాక. అంత పెట్టలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగొచ్చు, 15100 అని ఫోన్ నంబరుంది, ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఇంకో మాట, మా ఎదురింటి పెద్దాయన ఇది విని అడిగారు కాబట్టి చెప్తున్నా. సాక్షిగా విచారించడానికైతే ఆడవాళ్లనీ, అరవై దాటిన మగవాళ్లనీ, పదిహేనేళ్లలోపు మగపిల్లల్నీ, వికలాంగుల్నీ, జబ్బుతో ఉన్నవాళ్లనీ స్టేషన్‌కి రావాలని పట్టుబట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఆయనకి అరవై నాలుగు, వాళ్ల అపార్ట్‌మెంట్ గొడవలో మూడుసార్లు స్టేషన్‌కి తిప్పారు.

నాకింకా కోర్టు సమన్లు రాలేదు. వస్తే ఆఫీసులో సెలవుకి దాని కాపీ ఒకటి పెట్టాలి, ఈసారి లాయర్ ఫీజు ఎంతో అడగాలి.